హీరోగారి బండి... ఏనుగు మేత!

తెర మీద దుమ్ము లేపుకుంటూ నాలుగు నల్లటి బళ్లు వరసగా వచ్చి ఆగుతాయి. మధ్య బండి తలుపు తెరుచుకుంటుంది. ముందు బూటు దిగుతుంది, ఆ తర్వాత హీరోగారు దిగుతారు. ఇక హాల్లో ఈలలే ఈలలు! ఆ ఈలల్లో సగం హీరోగారివైతే సగం ఆ బండివి. ఈ సంగతి మా ప్రొడక్షన్ వాళ్లకి బాగా తెలుసు. అందుకే ఎన్ని తిప్పలు పడైనా పెద్ద బండే తెస్తాం.

షూటింగులకు కార్లు కుదిర్చే పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను కనుక ఒక రహస్యం మీ చెవిన వేస్తాను. మీరు చూసి మురిసిపోయే ఆ కోటి రూపాయల బండి చాలాసార్లు కోటి రూపాయలది కాదు. ఒకప్పుడు ఎవరో కోటి పెట్టి కొన్నదే, కాదనను. కానీ మా దగ్గరికి వచ్చేనాటికి దానికి ఏడెనిమిదేళ్ల వయసు, మూడో యజమాని, పాతిక లక్షల ధర. ఒళ్లంతా పాలిష్ పట్టిస్తే కెమెరాకి వయసు తెలియదు. ఓసారి శంకరపల్లి దగ్గర షాటు రెడీ అన్నాక అలాంటి బండి ఒకటి స్టార్టు కానని మొరాయించింది. నలుగురు లైట్‌బాయ్‌లు కెమెరాకి కనపడకుండా వంగి తోశారు. హీరోగారు మాత్రం స్టయిలుగా దిగారు!

మరి ఆ కోటి పాతిక లక్షలు ఎలా అయిందంటారా? రిలీజు రోజు బ్లాకులో కొన్న టికెట్టుని సోమవారం మాట్నీకి అదే ధరకి ఎవరైనా కొంటారా? ఇదీ అంతే. ఇన్సూరెన్సు వాళ్ల లెక్క చూడండి. బండి విలువలో ఆరు నెలల లోపు 5 శాతం తీసేస్తారు. ఏడాది లోపైతే 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. అంటే అయిదో ఏట కోటికి యాభై లక్షలే. పైగా కొన్నప్పుడు కట్టిన రోడ్డు టాక్సు ఈ లెక్కలోకి రానే రాదు. ఈ పట్టిక చిన్న కారుకీ పెద్ద కారుకీ ఒకటే. బజారు మాత్రం ఖరీదైన బండి మీద ఇంతకన్నా కఠినంగా ఉంటుంది.

ఎందుకని? కోటి పెట్టగలిగినవాడికి కొత్త మోడలు కావాలి, పాతది అక్కర్లేదు. పాతది కొనాలని ఆశపడేవాడికి దాన్ని మేపే తాహతు ఉండదు. ఇక కొనేదెవరు? దానికి తోడు కొత్త బండి ధర దిగితే పాతదీ దిగాల్సిందే. 2024 మే నెలలో రేంజ్ రోవర్‌ని మన దేశంలోనే బిగిస్తామని కంపెనీ ప్రకటించింది. దాంతో దాని ధర బాగా దిగింది. అంతకు నెల ముందు కొన్న ఆసామి గతేమిటో ఊహించుకోండి! 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉన్న పన్ను 40కి తగ్గింది. కొత్తవాళ్లకి పండగే, అమ్ముకునేవాళ్లకి మాత్రం కాదు.

అన్ని బళ్లూ ఇలా పడిపోవు. ఫార్చ్యూనర్, ఇన్నోవా లాంటివి పాతబడినా ధర నిలబెట్టుకుంటాయి. ఏ ఊళ్లోనైనా మెకానిక్కు దొరుకుతాడు, సామాన్లు దొరుకుతాయి, అడిగేవాడూ ఉంటాడు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మా పిన్ని కొడుకు కథ ఉంది. తాడేపల్లిగూడెంలో పెళ్లిళ్లకి లైటింగు పెడతాడు. ఇరవయ్యేడేళ్ల వాడు, సినిమా పిచ్చి. 2023లో హైదరాబాదు వచ్చి ఒక యూరపు కంపెనీ బండి చూసుకున్నాడు. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిలు బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బళ్ల మీద ఆంక్షలుండేవి గనక గడువు దగ్గర పడేకొద్దీ చవగ్గా ఇటు తోలేసేవారు. కొత్తప్పుడు 80 లక్షలు, ఇప్పుడు 22! "అన్నయ్యా, ఇంతకన్నా చవక ఉంటుందా?" అన్నాడు. డబ్బెక్కడిదిరా అంటే, పిన్ని పేర ఉన్న అరెకరం అమ్ముతానన్నాడు. బాబాయి పోయాక ఆవిడకు మిగిలిన ఆధారం అదొక్కటే.

వాణ్ణి తీసుకుని గూడెం వెళ్లాను. పిన్ని ముందు వాడు దర్జాగా సామెత చెప్పాడు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అమ్మా! దీని విలువ ఎక్కడికి పోతుంది?"

పిన్ని పూలు కడుతూ తలెత్తకుండానే అంది. "మేత మాట చెప్పవేంరా? ఇరవై రెండు లక్షల బండికి సామాన్లు ఇరవై రెండు లక్షల బండి ధరకిస్తాడా, ఎనభై లక్షల బండి ధరకిస్తాడా? ముందు అది అడిగి రా."

అడిగాం. మెకానిక్కు బండి పైకెత్తి చూసి కాగితం మీద రాసిచ్చాడు. నాలుగు టైర్లు, బ్రేకులు, గాలితో పనిచేసే సస్పెన్షను... మొత్తం ఆరు లక్షల పైచిలుకు. బండి ధర పడిపోయింది గానీ సామాన్ల ధర ఒక్క రూపాయి పడలేదు! పోనీ అప్పు తెస్తానన్నాడు. 20 లక్షలకి 12 శాతం వడ్డీతో అయిదేళ్లంటే నెలకు దాదాపు 44,500. తీరేసరికి కట్టేది 26 లక్షల 69 వేలు. అప్పటికి ఆ బండిని ఎవడడుగుతాడు?

పిన్ని సంతకం పెట్టలేదు. వాడు రెండు నెలలు తల్లితోనూ మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. మూడో నెలలో తొమ్మిది లక్షలకి పాత ఇన్నోవా కొన్నాడు. లైటింగు కుర్రాళ్లు అందులోనే తిరుగుతున్నారు, కిస్తీ దాని సంపాదనే కడుతోంది. అరెకరం అలాగే ఉంది.

కుర్రకారు మిత్రులారా, పెద్ద బండి మీద మోజు తప్పు కాదు. మేపగలిగితే కొనండి, దర్జాగా తిరగండి. చవగ్గా దొరికిందని మాత్రం కొనకండి. కొనేముందు దాని ధర కాదు, దాని సామాన్ల ధర అడగండి.

మావాడి మోజూ తీరలేదు లెండి. ఇప్పటికీ షూటింగుకొస్తే ఆ నల్లబళ్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేస్తాడు. కాకపోతే యజమాని కనపడగానే ఒకటే ప్రశ్న.

"టైర్లకెంతయింది గురూ?"