నాయనమ్మ పెరటికి నాలుగు సెన్సర్లు

మా తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి రాయ్‌పూర్‌కు రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఉద్యోగానికి వచ్చారు. డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీకి దగ్గర్లో ఇల్లు కట్టుకున్నప్పుడు వెనుక కొంచెం జాగా వదిలారు. అదే మా పెరడు. వెడల్పు 25 అడుగులు, పొడవు 40 అడుగులు. అందులో వంగ, బెండ, టమాటా, ఆనప పాదు, దొండ పందిరి, కరివేపాకు, గోంగూర ఉంటాయి. గోంగూరను ఇక్కడివాళ్లు అమారీ భాజీ అంటారు. పేరు వేరైనా పులుపు ఒకటే కాబట్టి మా పక్కింటి ఛత్తీస్‌గఢీ కాకీకి, మా నాయనమ్మకు భాష లేకుండానే స్నేహం కుదిరింది. మనం పెరడు అనేదాన్ని ఛత్తీస్‌గఢీలో బాడీ అంటారు. కొన్నేళ్ల క్రితం రాష్ట్ర ప్రభుత్వం నడిపిన ‘నర్వా, గరువా, ఘురువా, బాడీ’ పథకంలోని బాడీ ఇదే. వాగు, పశువులు, ఎరువు గుంత, పెరడు: పల్లె బతుకులో నాలుగు పాళ్లు.

ఈ ఏడాది జనవరిలో నాయనమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగింది. బకెట్లు మోయకూడదని, తడి నేల మీద నడవకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. వేసవిలో ఆ పెరటికి రోజుకు 15 లీటర్ల బకెట్లు ఇరవై పట్టేవి. నాన్నకు షిఫ్టు డ్యూటీ, అమ్మకు స్కూలు, నాకు పదకొండో తరగతి. “కాంక్రీటు వేయించేద్దాం, బండి పెట్టుకోవడానికైనా పనికొస్తుంది” అన్నారు నాన్న. ఆయన మాటలో తప్పేం లేదు. కానీ ఆ రాత్రి నాయనమ్మ అన్నం సగంలోనే వదిలేసి లేచింది. వర్షాలు వచ్చేదాకా నాకు గడువు ఇవ్వమని నాన్నను అడిగాను. ఆయన సరే అన్నారు.

మన బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది కదా. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద వచ్చిన ల్యాబ్ అది. ఫిజిక్స్ సర్‌కి నా ఆలోచన చెప్తే ముందు ఒక ప్రశ్న వేశారు. “మొక్కకు దాహం వేసిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది?”

దానికి జవాబు కెపాసిటర్ పాఠంలోనే ఉంది. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 80. ఎండిన మట్టిది మూడు నుంచి అయిదు. మట్టిలో గుచ్చిన పట్టీ చుట్టూ తేమ పెరిగితే దాని కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఆ మార్పును చిన్న సర్క్యూట్ వోల్టేజిగా మారుస్తుంది. ఇంకా చవకగా రెండు లోహపు కాళ్లున్న సెన్సర్లు కూడా దొరుకుతాయి. అవి మట్టి నిరోధాన్ని కొలుస్తాయి. కానీ తడి మట్టిలో కరెంటు పారితే ఎలక్ట్రాలిసిస్ జరిగి, కొన్ని వారాల్లోనే కాళ్లు తినేసినట్టవుతాయి. కెమిస్ట్రీ పరీక్షకు ఉదాహరణగా బాగుంటుంది గానీ పెరటికి పనికిరాదు.

వైర్లు ఎందుకు వద్దనుకున్నానో చెప్పాలి. వైర్‌లెస్ అంటే గొప్పగా ఉంటుందని కాదు. ఆపరేషన్ అయిన మోకాలితో నడిచే మనిషి దారిలో వైరు ఉండకూడదు. పైగా గునపానికి, ఎలుకలకు వైరంటే మహా ప్రీతి. అందుకని ప్రతి సెన్సరుకూ ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక బ్యాటరీ పెట్టి ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో మూసేశాను. ఆ బోర్డు వైఫై వాడుతున్నంతసేపు వంద మిల్లీ ఆంపియర్ల పైనే లాగేస్తుంది. గాఢ నిద్రలో ఉంటే ఆ చిప్‌కు పది మైక్రో ఆంపియర్లు చాలు. అందుకే అరగంటకోసారి లేచి, తేమ చూసి, కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. కబురు పంపడానికి ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతి వాడాను. ఇందులో బోర్డులు రౌటరు సాయం లేకుండా నేరుగా మాట్లాడుకుంటాయి. కరెంటు పోయి ఇంట్లో వైఫై ఆగినా పెరట్లో పని ఆగదు. ఎకరాల పొలమైతే ఇది అందదు, లోరా రేడియో కావాలి. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మా నలభై అడుగులకు అంత అక్కర్లేదు.

ఎక్కువ రోజులు పట్టింది సర్క్యూట్‌కు కాదు, మట్టికి. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా అంటే ఎర్రటి మొరం నేల. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. కన్హార్ అంటే నల్లరేగడి. మా ఇంటి నేల భాటా. వంగ, టమాటా మడుల కోసం తాతయ్య ఎప్పుడో ట్రాక్టరుతో కన్హార్ మట్టి తోలించారు. కాబట్టి ఒకే పెరట్లో రెండు దేశాలున్నట్టు లెక్క. సెన్సరు చెప్పే అంకె రెండు చోట్లా ఒకటే అయినా అర్థం వేరు. మొరంలో తేమ పది శాతం ఉన్నా మొక్క తాగగలదు. నల్లరేగడిలో పదిహేను శాతం ఉన్నా మట్టి ఆ నీటిని పట్టుకుని వదలదు, మొక్క వాడిపోతుంది. అందువల్ల ఏ మట్టికి ఆ మట్టి కొలవాలి. తడి మట్టి 100 గ్రాములు తూచి, కెమిస్ట్రీ ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచి మళ్లీ తూచాం. 78 గ్రాములు వచ్చింది. పోయిన నీరు 22 గ్రాములు, 22ను 78తో భాగిస్తే 28 శాతం. ఇలా తేమ ఎక్కువ నుంచి తక్కువ వరకు ఒక్కో మట్టికి ఆరుసార్లు చేసి, సెన్సరు అంకె పక్కన రాసుకుని గ్రాఫు గీశాను.

ఇదంతా వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్న నాయనమ్మ నవ్వింది. “ఏటే అమ్మీ, మట్టిని వంటింట్లో ఏపుతారేటి? పిడికిట్లో నొక్కితే తెలవదా?”

నిజమే, తెలుస్తుంది. మట్టిని నొక్కి ముద్ద అవుతుందా, విడిపోతుందా అని చూసే పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా ఒప్పుకుంటారు. అందుకని పదిహేను రోజులు పందెం పెట్టుకున్నాం. పొద్దున్నే నేను నాలుగు మడుల నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఆమె “పొయ్యాల” అనో “వద్దు” అనో చెప్పాకే సెన్సరు చూసేదాన్ని. పన్నెండు రోజులు ఇద్దరి మాటా ఒకటే అయింది. మూడు రోజులు మాత్రం వంగ మడిలో సెన్సరు ఎండిపోయిందంది, నాయనమ్మ తడి ఉందంది. తవ్వి చూస్తే ఆమెదే సరైంది. నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది. ఒక బీట సరిగ్గా సెన్సరు పక్క నుంచే పోయింది. పట్టీకి తగిలేది మట్టి కాదు, గాలి. గాలిని కొలిచి ఎండిందని చెబుతోంది. దానికి విరుగుడు కూడా ఆమే చెప్పింది. బురద చేసి పట్టీ చుట్టూ పోసి, పైన వరిగడ్డి కప్పమంది. గడ్డిని ఇక్కడ పైరా అంటారు. పక్కింటి కాకీ ఒక మోపు తెప్పించి ఇచ్చింది.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మా డ్రమ్ము నాలుగడుగుల దిమ్మ మీద ఉంటుంది. బజారులో దొరికే మామూలు సోలినాయిడ్ వాల్వులు తెరుచుకోవడానికి సుమారు రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి కావాలి. అంత లేదు కాబట్టి వాల్వులు మానేసి రెండు చిన్న 12 వోల్టుల పంపులు పెట్టాను, ఒక్కో మట్టికి ఒకటి. డ్రమ్ము ఖాళీ అయితే పంపు కాలిపోకుండా లోపల ఫ్లోట్ స్విచ్. డ్రిప్ నీరు వేరు దాకా దిగడానికి టైము పడుతుంది. అందుకే పంపు నాలుగు నిమిషాలు నడిచి ఆగుతుంది, మళ్లీ కబురు వచ్చాకే కదులుతుంది.

మా అమ్మది కరీంనగర్ వైపు. ఈ పంపు చూసి మామయ్య ఫోన్లో “ఆటో స్టార్టరే గదా” అన్నాడు. కాదు, ఆ తేడాయే ముఖ్యం. తెలంగాణలో కరెంటు రాత్రిపూట, ముక్కలు ముక్కలుగా వచ్చే రోజుల్లో రైతులు చీకట్లో మోటారు దగ్గరికి వెళ్లి పాము కాట్లకు, షాకులకు గురయ్యేవారు. కరెంటు రాగానే దానంతటదే మోటారును తిప్పే ఆటో స్టార్టర్ వారి ప్రాణాలు కాపాడింది. కానీ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక అదే పరికరం అవసరం ఉన్నా లేకున్నా బోరు నీటిని తోడేయడం మొదలుపెట్టింది. వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. ఆటో స్టార్టర్‌కు కరెంటు వచ్చిందో లేదో తెలుసు. మట్టి తడిసిందో లేదో తెలియదు. నా దృష్టిలో సెన్సరు పెట్టడమంటే పంపు నడపడం కన్నా ముందు పంపు ఆపడం.

ఏప్రిల్ మొదటి వారం నుంచి అంతా నడిచింది. మేలో రాయ్‌పూర్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అంత ఎండలోనూ రోజుకు 300 లీటర్లు తాగే పెరడు 170 లీటర్లతో సరిపెట్టుకుంది. డ్రమ్ము మీద గీతలు గీసి రోజూ రాసుకున్న లెక్క ఇది. ఈ ఘనత అంతా సెన్సర్లదేనంటే అబద్ధమవుతుంది. డ్రిప్ పైపుకు, పైరా కప్పుకు పెద్ద వాటా ఉంది.

నేను చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒక ఎర్ర బటన్. వరండాలో నాయనమ్మ కుర్చీ పక్కన గోడకు పెట్టాను. నొక్కితే ఆ రోజు పంపు కదలదు. మేలో ఆమె దాన్ని తొమ్మిదిసార్లు నొక్కింది. ఎందుకంటే “గాలి మారింది” అంటుంది, లేదా “చీమలు గుడ్లు మోస్తన్నాయి” అంటుంది. ఆరుసార్లు సాయంత్రానికి చినుకులు పడ్డాయి. నా సెన్సర్లకు ఇప్పుడున్న తేమ తెలుసు గానీ రాబోయే వాన తెలియదు. మిగిలిన మూడుసార్లు బెండ కాస్త వాడింది. మర్నాడు తేరుకుంది.

నాన్న కాంక్రీటు మాట మళ్లీ ఎత్తలేదు. జూలైలో ఇంటి ముందు గేటు పక్కన రేకుల షెడ్డు వేయించి బండి అక్కడ పెట్టారు. నాయనమ్మ ఇప్పుడు చేతికర్రతో మడుల మధ్య నడుస్తోంది, కుర్చీలో కూర్చునే కలుపు తీస్తోంది. దొండ పందిరి కింద అయిదో సెన్సరు కావాలని వారం నుంచి అడుగుతోంది. అక్కడి మట్టి భాటా, కన్హార్ రెండూ కలిసిన రకం. కొత్త గ్రాఫు గీయాలి. ఆదివారం మట్టి తవ్వి సోమవారం ఓవెన్‌కి పట్టుకెళ్తాను.