మోకాలితో నొక్కిన మూట

మాది బట్టలు మడచెడి వంశము. మా తాతగారు మగ్గపు పనికై తెలంగాణము నుండి షోలాపురము చేరినది మొదలు, మూడు తరములుగా మా యింట దుప్పటి నేయుట, దులుపుట, మడచుట, మూటగట్టుట తప్ప వేరు విద్య లేదు. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, లెక్కల పుస్తకములో రెండును. ఇరువది దుప్పట్లు పట్టెడి మూటలో ఇరువదిరెండు పట్టించువాడే మా దృష్టిలో పనివాడు. మూటపై మోకాలు మోపి, ఊపిరి బిగబట్టి, త్రాడు లాగి ముడివేయునప్పుడు మా తండ్రిగారి ముఖమున కనబడెడి తృప్తి మాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఆ విద్యయే యొకనాడు మా బిడ్డ ప్రాణము మీదికి రాగలదని మేమెన్నడును తలపలేదు.

2023వ సంవత్సరపు వేసవిలో మా తమ్ముని కుమారుని చూచుటకు కాలిఫోర్నియా పోయితిమి. ఇంజనీరు, ఒంటరివాడు. వారాంతములందు పెర్రిస్ అను ఊరికి పోయి విమానము నుండి దూకుచున్నాడని అక్కడకు చేరిన పిదపనే మాకు తెలిసినది. “పెద్దనాయనా, అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దు” అని మొదటి రాత్రియే మా నోరు కట్టివేసెను. 2018లో పుణెకు చెందిన శీతల్ మహాజన్ గారు నవ్వారీ చీర కట్టి థాయిలాండులో విమానము నుండి దూకినప్పుడు, ఆ వార్త చూచి మా మరదలు ముచ్చటపడి చప్పట్లు కొట్టిన మాట నిజమే. పరుల బిడ్డ దూకుట వేరు, తన బిడ్డ దూకుట వేరు. మేము నోరు మెదపలేదు.

పారాచూటన్న మాకు తెలిసినది యుద్ధపు సినిమాలలోని గుండ్రని గొడుగు. ఇది అది గాదు. 1964లో డొమినా జాల్బర్ట్ అనునాయన రూపొందించిన పద్ధతి ననుసరించి రెండు పొరల గుడ్డ నడుమ అరలు కుట్టి, ముందువైపు తెరచి యుంచుదురు. గాలి చొరబడి అది రెక్కవలె ఉబ్బును. దాని కొలతను చదరపు అడుగులలో చెప్పుదురు. దుస్తులు, సంచి సమస్తముతో దూకువానిని పౌనులలో తూచి, ఆ బరువును గుడ్డ వైశాల్యముచే భాగింతురు. మావాడు సరంజామాతో 190 పౌనులు, అతడు దూకుచున్న గుడ్డ 190 చదరపు అడుగులు, భాగఫలము ఒకటి. క్రొత్తవారు ఆ ఒకటిని దాటకుండుట మేలని అక్కడి గురువుల మాట. అంకె పెరిగిన కొలది గుడ్డ వేగము హెచ్చును, మలుపు తీవ్రమగును, నేల త్వరగా ఎదురువచ్చును.

ఈ గుడ్డ వీపున నుండెడి సంచిలో నిముడవలెను. దానిని వారు కంటెయినరందురు. అందు రెండరలు. క్రింది అరలో ప్రతిసారి వాడెడి గుడ్డ, పై అరలో అది మోసము చేసినప్పుడు విప్పెడి రిజర్వు. భుజముల పట్టెలు, తొడల పట్టెలు ఆ సంచితోనే కలిపి కుట్టబడి యుండును గాన, అది లోపల రెండు గుడ్డలకును వెలుపల ఒక దేహమునకును ఏకకాలమున సరిపోవలెను. పెండ్లి సంబంధము కుదుర్చుట యింతకంటె సులభమని మాకు తోచినది.

మావాడు అన్నిటికంటె ముందు సంచి కొనెను. నీలము నలుపు కలిసినది, పాతది, క్రొత్తదాని వెలలో సగమునకు దొరకినది. 190 గుడ్డ యిందు తప్పక పట్టునని అమ్మినవాడు నమ్మబలికెనట. ఆ రాత్రి ఇంటి తివాచీపై గుడ్డ పరచి, గాలి పిండి, మడచి, లోపలి చిన్న సంచిలో దోపి, దానిని కంటెయినరులో పెట్టెను. నాలుగు మూతల కన్నముల గుండా చిన్న త్రాటి ఉచ్చు పైకి రావలెను, అందులో వంకపిన్ను దూర్చవలెను. ఉచ్చు పైకి రాలేదు. అతని నుదుట చెమట పట్టినది. మా రక్తము ఊరకుండునా? “జరుగరా” యని మోకాలు మోపితిమి. ఉచ్చు వచ్చినది, పిన్ను దూరినది. “పెద్దనాయనా, నువ్వు లేకుంటే అయ్యేది కాదు” అని మావాడు మురిసెను. మేమును మురిసితిమి.

మరునాడు పెర్రిస్‌లో దూకుటకు ముందు రిజర్వు గడువు చూపుటకై రిగ్గరు నొద్దకు పోయితిమి. రిజర్వును ఎవరు బడితే వారు మడవరాదు; అమెరికా చట్టము ప్రకారము అనుమతి పొందిన రిగ్గరే 180 దినముల కొకసారి విప్పి చూచి తిరిగి మడవవలెను. ఆమె మా యీడు స్త్రీ. కళ్ళజోడు మెడలో వ్రేలాడుచున్నది, బల్లపై కుట్టుయంత్రము. రిజర్వును చూడకముందే ఆమె చూపు ఆ ఉబ్బిన క్రింది అరపై నిలిచినది. పిన్నును చేతితో లాగుమని మావానికి చెప్పెను. లాగెను, రాలేదు. మరల లాగెను, రాలేదు. మూడవసారి ఒడలు వంచి లాగగా వచ్చినది. కాని మూతలు విడిన తరువాతను లోపలి సంచి మూలలలో ఇరికి కదలలేదు. ఆమె దానిని తలక్రిందులు చేసి పట్టుకొనెను. అది పడలేదు. ఏమియు మాటలాడక అట్లే కొంతసేపు పట్టుకొనెను.

గంటకు 120 మైళ్ళ వేగమున పడుచున్నవాడు చిన్న పైలట్ చూటును గాలిలోనికి విసరగా, అది పిన్నును లాగి, సంచిని లాగవలెను. సంచి యిరికినచో పైలట్ చూటు తోకవలె వెనుక కొట్టుకొనుచుండును, గుడ్డ రాదు. చేయవలసిన నిర్ణయమునకు కొన్ని క్షణములే మిగులును. ఆమె యీ మాటలను గొంతు పెంచక చెప్పినది. మేము మా మోకాలి వైపు చూచుకొంటిమి.

అట్లయిన పెద్ద సంచి కొన్న తీరునా యని అడిగితిమి. అదియు కీడేనట. లోపల గుడ్డ చాలనిచో ఉచ్చు వదులగును, పిన్ను దానంతట జారును. విమానపు తలుపు తెరచియున్న వేళ అట్లు జరిగిన, గుడ్డ వెలికి పారి మనిషిని లాగికొని పోవును, విమానపు తోకకు చుట్టుకొనినను చుట్టుకొనును. తయారీదారులు ప్రతి సంచికిని పట్టిక యిత్తురు. మావాని సంచి పట్టికలో 150 సరి, 170 బిగువు. 190 పేరే లేదు.

ఆ పట్టికయు కొంతవరకే ప్రమాణము. ఇందు మాత్రము మా వృత్తి మాకు గౌరవము దక్కించినది. ఆమె రెండు గుడ్డముక్కలు మా చేతి కిచ్చెను. రెండును సన్నని నైలాను. నేతలో కొంచె మెడముగా లావుపోగులు పడి గళ్ళు గళ్ళుగా నున్నవి. మా మగ్గముపై గళ్ళు అందమునకు నేయుదుము. అక్కడ చినుగు ప్రాకకుండ ఆపుటకు నేయుదురు. మేము ఒక్కొక్క ముక్కను పెదవుల కానించి ఊదితిమి. రిజర్వుకు వాడెడి దానిలో ఊపిరి రవంత దాటినది. పూత పూసిన రెండవదానిలో బొత్తిగా దాటలేదు. గాలి విడువని గుడ్డ మడతకును లొంగదని మేము చెప్పగానే ఆమె నవ్వి చేయి కలిపెను. ఒకే కొలతలో నున్నను పూతగుడ్డ చోటెక్కువ పట్టును, క్రొత్తది మరియు నెక్కువ. వాడగా వాడగా మెత్తబడి తగ్గును. త్రాళ్ళు లావైనచో వానికిని చోటు కావలెను. మా క్రొత్త దుప్పటికిని ఉతికిన దుప్పటికిని గల భేదమే.

మావాడు మాత్రము సంచిని వదలలేకపోయెను. సంచికి తగిన 150 గుడ్డ కొందునా యని అడిగెను. ఆమె కాగితముపై భాగించి చూపెను: 1.27. అరువది దూకుళ్ళ వానికి అది తగదనెను. అంతటితో ఆగక, ఆ సంచి పై అరలోని రిజర్వు 143 చదరపు అడుగులేనని వ్రాసి, 1.33 అని క్రింద గీత గీచెను. రిజర్వు విప్పునది కష్టకాలమున. స్పృహ తప్పియో చేయి విరిగియో దిగవలసిన నాడు ఆ చిన్న గుడ్డయే దిక్కు. బరువును బట్టి గుడ్డలు, గుడ్డలను బట్టి సంచి యని ఆమె వ్రేళ్ళు మడచి చెప్పెను. మావాడు వరుస తిరుగవేసెను. మేము మోకాలితో దానిని బలపరచితిమి.

ఆనాడు అతడు దూకలేదు. తిరుగు దారిలో కారులో ఇద్దరమును మాటలాడలేదు. ఆ సంవత్సరమంతయు అద్దె సరంజామాతో దూకెను. ఆ సంచిని పట్టిక చూపి, దానికి తగిన కొలతవానికే, తక్కువ వెలకు అమ్మెను. నష్టము వచ్చినది, మేము కొంత భరింతుమనగా ఒప్పుకొనలేదు.

2024లో 190 గుడ్డకును తన భుజములకును కుదిరిన సంచి కొని, ఒక ఆదివారము వీడియోలో మాకు చూపెను. ఫోను నేలపై నిలిపి, మడచి, మూతలు మూసి, పిన్ను దూర్చి, ఒక వ్రేలితో లాగి విప్పి, మరల మూసెను. మోకాలి పని లేదు. ఇంతలో మా మరదలు టీ గ్లాసుతో వెనుకకు వచ్చి నిలిచినది.

“వాడు మడుస్తున్నది ఏం బట్ట, బావగారూ?”

“నైలానమ్మా” అంటిమి. “గట్టిది.”