మన మన్ను అంత చెడ్డదా?



విదేశీ చదువు అనంగనే మన గ్రూపుల వీసా, ఫీజులు, అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి దరఖాస్తుల మీద చాలా పోస్టులు వచ్చినయి. ఇది మాత్రం మట్టి గురించి. కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి.

మేము ముగ్గురం మహదేవపూర్ వైపు, గోదావరి ఒడ్డు గూడేల పిల్లలం. ఇద్దరం కోయ, ఒకరు నాయకపోడు. ఆశ్రమ పాఠశాల నుంచీ కలిసే చదివినం. 2023 సెప్టెంబరులో ఇంగ్లండులోని లెస్టర్‌కు చదువుకు వచ్చినం. బయలుదేరే ముందురోజు మాలో ఒకరి అమ్మ పాత చీర పేగు చింపి రెండు చిన్న మూటలు కట్టి తెచ్చింది. ఒకదాంట్లో మిరప గింజలు, ఇంకోదాంట్లో గుప్పెడు చేను మన్ను. మేము వద్దన్నం. ఈ దేశంలోకి మన మట్టిని అసలు రానివ్వరు. నాటే విత్తనాలకైతే మన దేశ అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలె. మట్టితోపాటు తెగుళ్లు, పురుగులు వస్తాయని వీళ్ల భయం. ఇదంతా చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "మన మన్ను అంత చెడ్డదా బిడ్డా?"

మేము నవ్వి ఊకున్నం. జవాబు చెప్పలే. తర్వాత చాన్నాళ్లు ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

2024 మార్చిలో ఇక్కడి దుకాణంలో మిరప, గోంగూర విత్తనాల పొట్లాలు కొన్నం. మట్టికి పైసలు పెట్టుడేందని ఇంటి వెనక తవ్వి, పెరుగు డబ్బాలల్ల నింపినం. అది జిగట మన్ను. నీళ్లు పోస్తే పైన నిలిచింది, ఆరితే పెంకులెక్క గట్టిపడ్డది. ఇరవై మిరప గింజలు పెడితే తొమ్మిది మొలిచినయి. వారంలోపల కాండం మన్ను దగ్గర దారంలెక్క సన్నబడి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయినయి.

రెండోసారి సంచి కొన్నం. సంచి మీద 'కంపోస్ట్' అని ఉన్నది. మనకు కంపోస్ట్ అంటే మాగిన పెంట ఎరువు. ఇక్కడ కుండీలో నింపే మిశ్రమం మొత్తాన్నీ అట్లనే అంటరు. ఎరువు ఎక్కువుంటే మంచిదే అనుకుని, పెద్ద మొక్కలకు పోసే బలమైన రకం తెచ్చినం. దాంట్లో చెక్క ముక్కలు, దండిగా ఎరువు. ఈసారి మొలిచినవి ఆకు కొసలు మాడిపోయి ఆగినయి.

అప్పుడు సిగ్గుపడుకుంటనే అమ్మకు వీడియో కాల్ చేసి చూపించినం. ఆమె చూసి నవ్వింది. "చేను మన్నుల ఎవలన్నా నారు పోస్తరా? 2022ల మీరే గదా జల్లెడ పట్టింది, యాది లేదా?" అన్నది.

యాదికి వచ్చింది. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మా మిరప నారుమడి మునిగింది. చేన్ల ఇసుక మేట వేసింది. పెద్దోళ్లు గట్టు మీద కూసోని ఏడ్చిన్రు. నీళ్లు తీసినంక అమ్మ ఇంటి పక్కన మెరక మీద కొత్త మడి కట్టింది. ముందు ఆ జాగల ఎండు పుల్లలు పోసి కాల్చింది. తర్వాత చెరువు మన్ను, పాత పెంట, చేను పాడుచేసిన ఆ ఇసుకే జల్లెడ పట్టి కలిపింది. మడిని జానెడు ఎత్తు లేపింది, నీళ్లు నిలవకుండ. గింజలు చల్లి పల్చగా వరిగడ్డి కప్పింది. జల్లెడ పట్టింది మేమే. కానీ అది కూలి పని అనుకున్నం, చదువు అనుకోలేదు.

ఆ కాల్ అయినంక సంచుల మీది అక్షరాలు మళ్లీ చదివినం. ఇక్కడ విత్తనాలకు వేరే మిశ్రమం ఉంటది, 'సీడ్ కంపోస్ట్' అని. 1930లల్ల జాన్ ఇన్నెస్ అనే ఉద్యాన పరిశోధన సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు దానికి ఒక కొలత కట్టిన్రు: మన్ను రెండు పాళ్లు, పీట్ ఒక పాలు, ఇసుక ఒక పాలు, ఎరువు కొంచెమే. మన్నును ముందు ఆవిరి పట్టి వేడి చేస్తరు, తెగులు చావడానికి. అమ్మ నిప్పుతో చేసింది, వీళ్లు ఆవిరితో చేసిన్రు. నారును ఒరగబెట్టే పితియం లాంటి బూజు జాతులు మన్నుల, తడిలనే ఉంటయి. మనోళ్లు నారుకుళ్లు అనేది దాన్నే.

మూడోసారి పీట్ లేని సీడ్ కంపోస్ట్ తీసుకున్నం. పీట్ అంటే బురద నేలల్ల వేల ఏండ్లకు పేరుకున్న నాచు, దాన్ని తవ్వితే ఆ నేల పోతది. దాని బదులు ఈ సంచిల కొబ్బరి పొట్టు ఉన్నది. మన దేశం నుంచి, శ్రీలంక నుంచి వచ్చే సరుకే. మన దిక్కు షేడ్‌నెట్లల్ల ప్రోట్రేలు నింపేది కూడా దీంతోనే.

వచ్చే సెప్టెంబరులో రాబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. సంచి మీద 'సీడ్' అని ఉందా చూడండి. పిడికిట్ల పిసికితే ముద్దై, వేలితో తాకంగనే విరగాలె. నీళ్లు కారితే తడి ఎక్కువైనట్టు. మూడు పాళ్లకు ఒక పాలు తోటపని ఇసుక కలపండి, ఇల్లు కట్టే ఇసుక వద్దు. డబ్బా అడుగున బొక్కలు పెట్టి, కింది పళ్లెంలో నీళ్లు పోయండి. మిరపకు 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలె, హీటర్ దగ్గర పెట్టండి, మొలవంగనే వెలుతురుకు మార్చండి. మొదట్ల గింజలోని తిండే మొలకకు చాలు. నాలుగాకులు వచ్చినంక బలమైన మన్నులకు మార్చండి.

ఈసారి ఇరవైలో పదహారు నిలిచినయి. ఫొటో పంపి, ఆగిపోయిన జవాబు కూడా చెప్పినం. "మన మన్ను చెడ్డది కాదమ్మా. చేను మన్ను చేనుకు, నారు మన్ను నారుకు. నువ్వే కదా కలిపినవు."

"గిది చెప్పనీకి ఏడాది పట్టిందా?" అన్నది అమ్మ. "సరే, పెద్దాకు వచ్చినంక నీళ్లు తగ్గియ్యండి."

తగ్గించినం. మీ ఇండ్లల్ల నారు ఎట్ల పోస్తరో కింద రాయండి. తెల్వకపోతే ఇయ్యాల్నే ఫోన్ చేసి అడగండి.

జై ఆదివాసీ.