ఆయిల్ మార్చండి, కాలువలో మాత్రం పోయొద్దు

స్ప్లెండర్ బైకుకి ఆయిల్ మార్చాలంటే చాపాడు నుంచి ప్రొద్దుటూరు దాకా పోనక్కర్లేదు. ఇంజిన్ కాస్త వేడెక్కనిచ్చి, ఆపి, సెంటర్ స్టాండ్ వేసి కింది బోల్టు విప్పండి. చివరి చుక్క కారేదాకా ఓపిక పట్టాలి. బోల్టు మళ్లీ ఎక్కించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పండి. ఇంజిన్ వైపుది అల్యూమినియం మర, పోతే చాలా ఖర్చు.

కొత్త ఆయిల్ 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. కారుకు పోయగా మిగిలింది కదా అని దీంట్లో పోయొద్దు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో నునుపు కోసం కలిపేవాటితో ప్లేట్లు జారతాయి. ఆయిల్ పోశాక డిప్‌స్టిక్ మర తిప్పకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడండి.

నా బాధంతా పాత ఆయిల్ గురించే. కేసీ కాలువలో, కుందూ ఏటి గట్టున పారబోయొద్దన్నా! ఆ నీళ్లే మన మళ్లకు పారేది. వాడిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆయిల్ తయారీదారుల మీదే పెట్టింది. మనం చేయాల్సిందల్లా క్యానులో పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షాపులో ఇవ్వడం. మా ఇంటి ముందర ఒక క్యాను పెట్టినాను, మన వీధోళ్లు ఎవరైనా దాంట్లో పోయొచ్చు.