చుక్క ఒకచోట... చిల్లు మరోచోట!

టప్... టప్... టప్...

అమలాపురం దగ్గర ఓ పల్లె. అక్కడి పాత పెంకుటింట్లో వానాకాలమంటే ఈ చప్పుడే. బయట వాన వెలిసి గంటయినా లోపల ఆగేది కాదు. మామ్మగారి మంచం పక్కన ఓ బకెట్టు. అది నిండితే మరొకటి. 'నేను కాపరానికొచ్చిన గది ఇది. వదిలి రాను' అని తొంభై దాటిన ఆవిడ పట్టుదల. తడవకుండా ఉంటారని మంచాన్నే గోడవారకు జరిపారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనవడిది ఒకటే మాట... 'పడగొట్టేద్దాం నాన్నా. ఎన్నాళ్లీ బకెట్లు? స్లాబు వేసుకుందాం!'

రిటైరైన మాస్టారి దగ్గర జవాబు లేదు. ఆయన చేయని ప్రయత్నం లేదు మరి. చుక్క పడుతున్నచోట పెంకులు మార్పించారు. సిమెంటు పూయించారు. ఓ ఏడాది తారు కూడా పోయించారు. తొలకరి రాగానే మళ్లీ టప్... టప్!

ఎండలో వెతుకులాట

ఆఖరికి ఇళ్లు నేసే ఓ పెద్దాయనకి కబురంపారు. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. రాగానే ఆయన ఇల్లెక్కలేదు. గది తలుపులూ కిటికీలూ మూయించి, చీకట్లో నిలబడి పైకి చూశాడు. పెంకుల సందుల్లోంచి వెలుతురు ఎక్కడ పడుతోందో లెక్కపెట్టాడు. తర్వాత టార్చిలైటు పట్టుకుని వాసాల మీద నీటిచారలు వెతికాడు. చార ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత.

'చుక్క పడ్డచోట ఎంత చూసినా ఏం దొరుకుద్దండీ? నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో అక్కడ చూడాలండి, ఆయ్!'

గీతలు బకెట్టు పైన మొదలై, వాసం మీదుగా పైకి పోయి, అడ్డబద్ద దగ్గర పక్కకు తిరిగాయి. తిన్నగా వెళ్లి ఆగింది... కొత్తగది గోడ దగ్గర!

ఆ గదికో కథ ఉంది. 1996 నవంబరు తుఫాను కోనసీమను కుదిపేసినప్పుడు ఈ ఇంటి పెంకులూ లేచిపోయాయి. కనీసం ఒక్క గదైనా గట్టిగా ఉండాలని ఆ మరుసటేడు పక్కనే స్లాబు గది కట్టి, పాతింటికి కలిపారు. పెంకుల వాలు వెళ్లి ఆ గోడకు ఆనుకుంది. సందు మీద సిమెంటు మెత్తారు.

చెంబెడు నీళ్లతో...

అనుమానం సరే, రుజువు కావాలిగా! పెద్దాయన చెంబుతో నీళ్లు పోయడం మొదలెట్టాడు. అదీ చూరు దగ్గర్నుంచి పైకి. మొదటే పైన పోస్తే నీళ్లు వాలంతా పారి, దిగింది ఏ సందులోనో తెలీదు. పంపు పైపు మాత్రం వద్దన్నాడు. జోరుగా కొడితే గాలివానలోలాగా నీళ్లు పెంకుల కిందికి ఎదురెక్కుతాయి. బాగున్న పెంకు కూడా కారుతున్నట్టే కనిపిస్తుంది.

కింద మాస్టారు టార్చి పట్టుకుని కూర్చున్నారు. ఒక్కోచోట పోయడం... కాసేపు ఆగడం. సగం వాలు దాకా ఏమీ లేదు. గోడవార పైభాగంలో పోశాక మాత్రం పావుగంటకి బద్ద చెమర్చింది. ఆ తడి మెల్లగా వాసం దాకా పాకి, ఓ మేకు దగ్గర చుక్కగా వేలాడింది. టప్!

నేరం పెంకులది కాదు. బంగాళా పెంకులని మనం పిలిచే వీటి పుట్టిల్లు మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే పెంకు అది. ఎండకు, వానకు కర్ర ఒకలా కదిలితే, కాంక్రీటు ఇంకోలా కదులుతుంది. మధ్యలో బిగుసుకున్న సిమెంటు వెంట్రుకవాసి విడింది. ఏటా పూసిన కొత్త పూతలు లోపలికెళ్లిన నీటికి బయటి దారి మూసేశాయి. వాన లేని రోజుల్లోనూ లోపల చెమ్మే!

అప్పుడు చూశారు గోడవార వాసాన్ని. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే ఉడికిన కందలో దిగినట్టు దిగింది. మాస్టారి గుండె ఝల్లుమంది. చుక్క పడింది మంచం పక్కన. ముప్పు ఉన్నది సరిగ్గా మంచం మీద! తడవకూడదని తల్లిని వాళ్లే దాని కిందికి జరిపారు.

దారి ఇవ్వాలి

ఆ పూటే మంచం మార్చారు. ఈసారి మామ్మగారూ కాదనలేదు. పాత సిమెంటు చెక్కేశారు. పుచ్చిన వాసం తీసి కొత్తది వేశారు. గోడవెంట జింకు రేకును కాలవలా వంచి, పెంకుల కిందికి ఓ అంచు పోనిచ్చారు. రెండో అంచును గోడలో గాడి కొట్టి బిగించారు. రేకు ముక్కల్ని కిందనుంచి పేర్చుకుంటూ వచ్చారు, పైది కిందిదాని మీద ఎక్కేలా. చూరు దగ్గర చివర మాత్రం మూయలేదు.

'నీళ్లకి అడ్డం పడకూడదండి. దారి చూపించాలంతే!' అన్నాడు పెద్దాయన.

మృగశిర వచ్చిన నాలుగోరోజు రాత్రి కుండపోత. మాస్టారు ఫోన్లో కొడుక్కి జరిగిందంతా చెప్పారు. పుచ్చిన వాసం సంగతీ దాచలేదు. అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. 'ఇల్లు పడగొట్టే మాట తర్వాత చూద్దాం. వచ్చే రోహిణికి నేనూ వస్తాను. మిగతా వాసాలన్నీ చూద్దాం' అన్నాడు.

మామ్మగారి మంచం మళ్లీ పాత చోటికి వచ్చింది. బకెట్టు నూతి దగ్గరికి వెళ్లింది. వాసాల మీది సుద్దగీతలు మాత్రం అలాగే ఉన్నాయి. దసరాకి బూజులు దులిపినప్పుడు కూడా మాస్టారు వాటిని చెరపనివ్వలేదు.