తల్లిచెట్టు ఏది?

కరోనా వైరస్ జన్యువులో దాదాపు 30,000 అక్షరాలున్నాయి. బత్తాయి తోటను గిడసబార్చే ఎక్సోకార్టిస్ రోగానికి కారణమైన వైరాయిడ్‌లో ఉన్నవి సుమారు 371. మన మొదటి సెమిస్టర్ ప్రోగ్రాం కూడా ఇంతకన్నా పొడుగుంటది!

వైరాయిడ్ అంటే చుట్టలా ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. ప్రొటీన్ కవచం లేదు, సొంతంగా ఒక్క ప్రొటీన్ కూడా తయారుచేయలేదు. మొక్క కణంలోని యంత్రాంగంతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. 1971లో అమెరికా శాస్త్రవేత్త థియోడర్ డైనర్ బంగాళాదుంప రోగం మీద పనిచేస్తూ దీన్ని గుర్తించి, ఆ పేరు పెట్టాడు. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటిదే ఒకటి కోట్ల కొబ్బరిచెట్లను చంపింది.

మా ఊరు లింగాల, నల్లమల అంచున ఉంటది. మా చిన్నాయన పత్తి మానేసి రెండెకరాల్లో బత్తాయి పెడతానంటున్నాడు. నర్సరీ చూసొచ్చి, "మొక్కలు నిగనిగ ఉన్నయ్ రా" అని ఫోన్‌లో మురిసిపోయాడు. నా భయం ఆ నిగనిగ గురించే. ఈ రోగం నర్సరీలో కనబడదు.

జంబేరి లేదా రంగపూర్ నిమ్మ మొక్క మీద బత్తాయి కన్ను అంటుకడతారు. జంబేరి ఈ రోగాన్ని ఓర్చుకుంటుంది. కాబట్టి దాని మీద పెరిగిన తల్లిచెట్టులో వైరాయిడ్ ఉన్నా చెట్టు బాగానే కాస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అదే చెట్టు కన్ను రంగపూర్ మీద కడితే కొన్నేళ్లకు అంటు కింద బెరడు పగిలి పొలుసులుగా లేస్తుంది, చెట్టు ఎదగదు. అప్పటికి బోరు, డ్రిప్పు, ఎరువులకు తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఎదుగుతూనే ఉంటది. దీనికి మందు లేదు.

చిన్నాయనకు ఆర్‌ఎన్‌ఏ సంగతేమీ చెప్పలేదు. రెండు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపాను: కన్ను ఏ తల్లిచెట్టుది? ఆ చెట్టుకు పరీక్ష చేయించారా? ఆయన అడిగితే నర్సరీ అతను, "ఇట్లెవ్వరూ అడగరు పటేలా" అన్నాడట. అడ్వాన్సు ఇయ్యకుండా వచ్చేశాడు. వానలు దగ్గరపడుతున్నాయి, ఇంకో నర్సరీ వెతుకుతున్నాడు.

ఇంకో సంగతి. దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది పురుగు కాదు, మన చేతిలోని కత్తి. రోగపు చెట్టును కోసిన కత్తెరే పక్క చెట్టుకు అంటిస్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు, బ్లీచ్ కలిపిన నీళ్లలో ముంచి తీయాలి. మీ ఇళ్లలో బత్తాయి, నిమ్మ తోటలుంటే ఈ సెలవుల్లో ఈ ఒక్క మాట చెప్పండి. ఖర్చు ఒక బ్లీచ్ సీసా అంతే.