రెండు తెలుపులు

తెలుపునందు ఎన్ని తెలుపులుండునో గోడలకు రంగు వేయింపబూనిన యిల్లాలికి గాని తెలియదు. మా అత్తగారుండు ఉత్తరపు గదికై, అంగడివాడిచ్చిన రంగుల చీటీలలో రెంటిని ఏరితిమి. ఒకటి ముత్యపు తెలుపు, రెండవది మీగడ తెలుపు. మొదటిదానిలో నీలిచాయ, రెండవదానిలో పసుపుచాయ లేశమాత్రముగా కలవు. తెల్లకాగితము ప్రక్కన నుంచినగాని ఆ భేదము తేటపడదు. “తెలుపునకు తెలుపునకు తగవేమి?” అని మావారు నవ్వి, పరీక్షపత్రములు దిద్దుకొనబోయిరి.

బొటనవ్రేలంత చీటీని నమ్మి నాలుగు గోడలకు రంగు కొనుట మాకు నచ్చలేదు. చిన్నడబ్బాలు రెండు తెప్పించి, రెండు అట్టలకు రెండేసి పూతలు పూసి, ఆరిన పిదప ఆ గది గోడకు ఆనించి, ప్రొద్దున, మధ్యాహ్నము, దీపములు పెట్టిన తరువాత చూచితిమి. ఆ గదిలోనికి ఎండ నేరుగా రాదు. వచ్చునది ఆకాశపు వెలుగే, అందు నీలము హెచ్చు. అందుచే అంగడిలో ముత్యమువలె మెఱసిన తెలుపు అచ్చట కడిగిన బూడిదవలె కనబడెను. మీగడ తెలుపు మాత్రము, పసుపుచాయ అణగి, నిర్మలముగా నుండెను. రాత్రి పచ్చని దీపపు కాంతిలో అదియే నేతిరంగు పట్టెను! తెల్లని ఎల్.ఇ.డి. దీపము పెట్టగా ఆ నేతిరంగు పోయెను. అట్టలను నేలకు దింపినచో ఎఱ్ఱగచ్చు చాయ సోకి రెండును గులాబివన్నె దాల్చెను.

గదిలో నుండువారు అత్తగారు గదా యని వారినే అడిగితిమి. వారు అట్టలను చాలసేపు చూచి, “రెండూ ఒకటే గదటే అమ్మాయీ, నన్ను పరీక్షిస్తున్నావా?” అనిరి. పట్టపగలు, కిటికీ ప్రక్కన! పిల్లలు సైతము భేదము చెప్పిరే. మా మనస్సు కలుక్కుమనెను. కొంతకాలముగా వారు పూజకు తెల్లచామంతులు ఏరుచు లేతపసుపువానిని కలిపివేయుచుండగా, మతిమరుపని విసుగుకొన్నది మేమే.

కంటివైద్యునికి చూపగా రెండు కన్నులందును శుక్లములు ముదిరినవనెను. వయస్సుతో కంటిలోని కటకము పసుపువారి నీలపు వెలుగును అడ్డగించునట. తెలుపునకు లేతపసుపునకు భేదము చెరగిపోవునట. ఇన్నాళ్లు పసుపుటద్దములోనుండి చూచుచున్నట్లున్నను వారు ఒక్కమాట అనలేదు.

వచ్చేనెల కుడికంటికి శస్త్రచికిత్స. గోడయు గుమ్మమును ఒకటిగా తోచి వారు తడబడకుండ తలుపుచట్రమునకు మాత్రము ముదురురంగు వెంటనే వేయించితిమి. శస్త్రచికిత్స యైన కంటికి కొన్నాళ్లు తెలుపులు నీలముగా తోచవచ్చునట. కావున గోడలకు తొందర లేదు. అట్టలు రెండును వారి మంచము ప్రక్కననే యున్నవి. కన్ను కుదుటపడిన పిదప వారే ఏరుకొందురు.